అమోసు గారింట్లో బొమ్మలు

ఆ శుక్రవారం అమోసు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గల్ఫ్‌లో శుక్రవారమే సెలవు కాబట్టి పొద్దున చర్చి ఆరాధనకు వెళ్లిరావడం, మధ్యాహ్నం భార్య బ్యూలా చేసిన చేపల పులుసు తినడం, నాలుగింటికి పెన్రోజ్ దొరకు తన గది చూపించి ఔరా అనిపించడం.

అమోసు మస్కట్‌లోని రూవి పేటలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. తోటివాళ్లు ఊళ్లో స్థలాలు కొంటుంటే, ఆయన పదహారేళ్లుగా మస్కట్ ఖాళీ చేసి వెళ్లే ఇంగ్లీషువాళ్ల ఇళ్ల నుంచి వాళ్ల పాత హాస్యపు కామిక్కులు పోగుచేశాడు. అరవై డెబ్భై ఏళ్ల కిందటి ఆ వారపత్రికల్లో చాలావాటిలో బొమ్మ గీసినవాడి పేరుండదు. గీతను బట్టి మనిషిని పట్టడమే అమోసు విద్య. పేరు తెలియనివాళ్లకు తనే పేర్లు పెట్టుకున్నాడు: బూట్లాయన, గుండుముక్కాయన, బొటనవేలాయన. ఆసుపత్రిలోవాళ్లు ఆయనకు చిత్తుకాగితాల అమోసు అని పెట్టారు.

మూడు వారాల కిందట పెన్రోజ్ మణికట్టు నొప్పితో ఎక్స్‌రేకి వచ్చాడు. మాటల్లో, తన తండ్రి అలాంటి పత్రికలకే గీసేవాడనీ, ఏవి గీశాడో ఇంట్లో ఎవరికీ తెలియదనీ చెప్పాడు. ఆదివారం ఆయన ఒమన్ వదిలి వెళ్లిపోతున్నాడు. "మీ నాన్నగారిని నేను పట్టిస్తాను" అని అమోసు గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చేశాడు. నవ్వినవాళ్లందరికీ ఈ సాయంత్రంతో జవాబు చెప్పినట్టవుతుందని ఆయన ఆశ.

పొద్దున్నే స్త్రీల ప్రార్థన గుంపు నడిపే మేరీకుమారి ఫోన్ చేసింది. "బ్రదర్ గారు ఏరమ్మా?"

"ఎక్కడుంటారక్కా, బొమ్మల దగ్గరే" అంది బ్యూలా విసుగ్గా. "గది నిండా బొమ్మలే. లేచి లైటేసి వాటి మొహం చూడందే కాఫీ కూడా ముట్టరు. సాయంత్రం వాటికోసం ఎవరో దొర కూడా వస్తున్నాడంట."

ఆ సంఘంలో బొమ్మ అంటే ఒకటే అర్థం, విగ్రహం. ఆరాధన మొదలయ్యేసరికి ఆ కబురు బెంచీలు దాటుతూ పెరిగింది: ముందు బెంచీలో పూజగది, నడిమి బెంచీలో దీపం, చివరి బెంచీలో దొర వేషంలో ఉన్న గురువు పుట్టుకొచ్చారు. పాస్టరు ఫెలిక్స్ గారు రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి బైబిల్లో జనం విగ్రహంగా చేసుకుని మొక్కిన బంగారు దూడ గురించి గంటా పదినిమిషాలు చెప్పారు. అమోసుకు ప్రసంగం బాగా నచ్చింది. పాస్టరు గారు తననే చూస్తూ చెప్పడం మరీ నచ్చింది.

నాలుగింటికి పెన్రోజ్ వచ్చాడు. ఐదు నిమిషాలకు మళ్లీ బెల్లు మోగింది. గుమ్మంలో ఫెలిక్స్ గారు, మేరీకుమారి, సంఘ పెద్ద లెవి, వెనక మరో పదిమంది, చేతుల్లో బైబిళ్లు. ఇన్నాళ్లకు తన గొప్ప గుర్తించారని అమోసుకు కళ్లు చెమర్చాయి.

"రండి రండి! ముందు బొమ్మలు చూద్దురుగాని, టీ తర్వాత తాగొచ్చు."

"చూశారా పాస్టరు గారూ, ఎంత ధైర్యమో!" అంది మేరీకుమారి.

"ప్రవక్త పేరు పెట్టుకుని ఇదేం పని బ్రదర్?" అన్నారు ఫెలిక్స్ గారు. "వాటిని మీరు తీస్తారా, మమ్మల్ని తీయమంటారా?"

"అయ్యో, మీకెందుకండీ శ్రమ! పాతవి కదా, ముట్టుకుంటే పొడైపోతాయి. నేనైతే రోజూ తుడిచి, నూలుగుడ్డ కప్పి పడుకోబెడతాను."

ఇద్దరు స్త్రీలు భయపడి పాట ఎత్తుకున్నారు. అది తెలుగువాళ్ల స్వాగతమనుకుని పెన్రోజ్ లేచి నిలబడి తాళం వేశాడు. మేరీకుమారి గదిలోకి దూసుకెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా!" అంటూ బల్ల మీది గుడ్డను ఒక్క లాగు లాగింది.

మూడు వారాలు కూర్చుని ఎవరి గీత ఎవరిదో తేల్చి పేర్చిన వందకు పైగా పేజీలు ఫ్యాను గాలికి గదంతా లేచాయి. గోడ దూకుతున్న లావుపాటి పోలీసు వచ్చి పాస్టరు గారి పాదం మీద పడ్డాడు.

"ఇవా బొమ్మలు?" అన్నారాయన వంగి చూసి.

"మరి బొమ్మలంటే?" అన్నాడు అమోసు.

అందరికన్నా ముందు అర్థమైంది బ్యూలాకే. నవ్వు ఆగక టీ ట్రే కింద పెట్టేసింది. అమోసుకు మాత్రం నవ్వు రాలేదు. ఎల్లుండి దొర వెళ్లిపోతాడు. అమోసు నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు.

ఫెలిక్స్ గారు సిగ్గుపడి చొక్కా చేతులు మడిచారు. "ఎలా వేరు చేయాలో చెప్పండి బ్రదర్. అందరం చేస్తాం."

"వేళ్లు చూడండి" అన్నాడు అమోసు నీరసంగా. "బొటనవేలి పై కణుపు వెనక్కి వంగితే ఈ కుప్ప. బూటు ముందు ఉబ్బితే ఆ కుప్ప."

పదముగ్గురూ మోకాళ్ల మీద కూర్చున్నారు. "ఈ దొంగ వేలు వంగిందండోయ్!" అని లెవి కేకేశాడు. గంటలో కుప్పలు మళ్లీ లేచాయి, అమోసు గొంతూ లేచింది. "ఇప్పుడు మీ నాన్నగారిదని ఖాయంగా తెలిసిన బొమ్మ ఒక్కటి ఇవ్వండి" అని దర్జాగా దొర ముందు చెయ్యి చాపాడు.

పెన్రోజ్ ఇచ్చింది తన ఆరో పుట్టినరోజుకు తండ్రి గీసిన కార్డు. దాని మీద ఒక కుక్క. బూట్లు లేవు, బొటనవేలు లేదు.

అమోసు భూతద్దం పెట్టి పది నిమిషాలు చూశాడు. ఏదో ఒక కుప్ప చూపిస్తే దొర నమ్మేవాడే. కానీ ఈ విద్యలో అబద్ధమాడటం ఆయనకు చేతకాదు.

"నాకు తెలియడం లేదండి" అన్నాడు. అంత చిన్న మాట చెప్పడానికి ఆయన ప్రాణం పోయినంత పనైంది.

"ఫర్వాలేదు, ఇంతమంది కష్టపడ్డారు" అని పెన్రోజ్ టీ కప్పు అందుకున్నాడు.

"అయ్యో, ఆయన వేలు చూడండి!" అని అరిచింది మేరీకుమారి.

కప్పు పట్టుకున్న దొర బొటనవేలు పై కణుపు దగ్గర చక్కగా వెనక్కి వంగి ఉంది. ఆ చేతికి స్వయంగా ఎక్స్‌రే తీసిన అమోసు, డాక్టరు రాసిన మణికట్టు తప్ప ఇంకేమీ చూడలేదు. పెన్రోజ్ తన వేలినీ పేజీలనీ మార్చి మార్చి చూసి, "మా నాన్నదీ ఇంతే. అద్దం ముందు తన చెయ్యే పెట్టుకుని గీసేవాడు" అన్నాడు. బొటనవేలాయన కుప్పలో పదకొండు పేజీలున్నాయి. ఎవరికీ ఒక్క కాగితం ఇవ్వని అమోసు ఆ పదకొండూ నూలుగుడ్డలో చుట్టి దొర చేతిలో పెట్టాడు. అంత గర్వం ఆయనకు పెళ్లిరోజున కూడా కలగలేదు.

మరుసటి శుక్రవారం మేరీకుమారి లేచి నిలబడి, ఆ వేలు కనిపెట్టేలా ప్రభువే తన కళ్లు తెరిచాడని సాక్ష్యం చెప్పింది. అసలు వేళ్లు చూడమని నేర్పింది తనేనని అమోసుకు బాగా తెలుసు. కానీ ఆ గొప్పకు పోటీకి వచ్చింది సాక్షాత్తూ ప్రభువే కావడంతో, ఆమేన్ అన్నాడు.