కోడి ఒప్పుకున్న నేరం

కూచిపూడి దగ్గర ఒకానొక గ్రామంలో, పాల సంఘం అధ్యక్షులు శ్రీ బసవపున్నయ్యగారి ఇంట ఒకే రోజున రెండు ఆడ ప్రాణులు జన్మించినట్టు ఇందుమూలంగా తెలియజేయడమైనది. మొదటిదాని నిమిత్తం ఊరంతా జున్ను పంచారు. రెండోదాని నిమిత్తం వీధి తలుపులు మూశారు. జున్ను పెయ్యదూడది, మూసిన తలుపులు మనవరాలివి.

ఆ పసిదాని నేరమల్లా రెండో ఆడపిల్లగా పుట్టడమే. "మా గేదె మల్లి అడిగింది ఇచ్చింది. మా కోడలే ఇవ్వలేదు. తప్పంతా దానిదే!" అని అధ్యక్షులవారు పాలకేంద్రం అరుగు మీద నిలబడి ప్రకటించారు. ఆ ప్రకటన పాల వ్యాను కంటే ముందే విజయవాడ చేరింది.

పటమటలోని పుట్టింటి నుంచి కోడలు కీర్తన కబురు పెట్టింది. "మావయ్యగారు ఎక్కడ అన్నారో అక్కడే నిలబడి, తప్పు కీర్తనది కాదు అని ఒక్క మాట అనాలి. అప్పటిదాకా నేనూ రాను, పిల్లలూ రారు."

పెద్ద మనవరాలు రుచిత పక్కన కూర్చోకపోతే ఆయనకు ముద్ద దిగదు. కోడలికి నచ్చజెప్పి తీసుకొస్తానని వెళ్లిన భార్య రామతులసిగారు కూడా అక్కడే ఉండిపోయారు. ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. ఒక్క మాట అంటే అంతా సర్దుకుంటుంది. కానీ అధ్యక్షులు కదా, ఎలా అంటారు పాపం! అందుకని ఆయన విజ్ఞానశాస్త్రాన్ని పిలిపించారు.

సరిగ్గా అప్పుడే డాక్టర్ ఏంజెల్ అనే శాస్త్రవేత్త గేదెల రక్తం కోసం ఊళ్లు తిరుగుతున్నారు. తల్లి, తండ్రి, దూడ రక్తాలు పరీక్షించి, ఏయే లక్షణాలు జంటగా తరం దాటుతున్నాయో చూసి, ఆడామగా తేల్చే క్రోమోజోముల మీద ఏ జన్యువు ఎక్కడ కాపురముందో పటం గీయడం ఆవిడ ఉద్యోగం. "రక్తం ఎంతైనా తీసుకోండి డాక్టరుగారూ. దూడ ఆడా మగా అన్నది గేదె పనేనని మీటింగులో చెప్పండి చాలు," అన్నారు బసవపున్నయ్యగారు.

మీటింగు ఘనంగా జరిగింది. మైకు పట్టుకున్నది కీర్తన భర్త చక్రి. అతను మైకు పట్టుకోగలడు గానీ అందులో మాట్లాడలేడు.

"గేదె దగ్గరుండేవి రెండూ ఎక్స్ క్రోమోజోములేనండీ. ఎక్సూ వైయ్యూ రెండూ ఉండేది దున్న దగ్గరే. దూడ ఆడో మగో తేల్చేది దున్నపోతేనండీ," అన్నారు ఏంజెల్.

అధ్యక్షులవారు అడిగిన జవాబు ఇది కాదు. అయినా మన సంఘం న్యాయానికి కట్టుబడిన సంఘం. ఇన్నేళ్లూ దున్నదూడలను ఈనిన గేదెలను అన్యాయంగా తిట్టామని గ్రహించి, వాటికి క్షమాపణ చెప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మర్నాడు పాలకేంద్రం ముందు గేదెలను వరుసగా నిలబెట్టారు. అధ్యక్షులవారు అదే అరుగు మీద నిలబడి, కళ్లు తుడుచుకుంటూ పేరుపేరునా చెప్పారు. "మల్లీ, కిందటి ఈతలో దున్నదూడ నీ తప్పు కాదమ్మా. సీతాలూ, నీ తప్పు కాదే తల్లీ." ఊరు ఊరంతా కంటతడి పెట్టింది. మల్లి మాత్రం నెమరు వేసింది.

"మరి కోడలి సంగతేంటండీ?" అని ఎవరో అడిగారు.

"బురదలో పొర్లే గేదెకీ మనిషికీ పోలికేంటయ్యా? ఆవుని చూడమనండి!" అన్నారు అధ్యక్షులు.

ఆవును చూశారు. తేల్చేది ఎద్దేనన్నారు. గొర్రెను చూశారు, పొట్టేలన్నారు. మేకను చూశారు, మేకపోతన్నారు. పందిని కూడా వదల్లేదు. జంతువు మారినప్పుడల్లా కొత్త షామియానా, కొత్త ఉపన్యాసం, అదే చక్రి, అదే మైకు. చివరికి ఏంజెల్‌గారు విసిగిపోయి, "కోళ్లలో మాత్రం ఇది తిరగబడుతుందండీ. పిల్ల ఆడో మగో తేల్చేది పెట్టే," అనేశారు.

అబ్బో, ఆ సంబరం చూడాలి! టపాకాయలు కాల్చారు. ఒక పెట్టకు మంగళగిరి జరీ కండువా కప్పి సన్మానించారు. "మిత్రులారా! గేదెకి నాలుగు కాళ్లు. కోడికి రెండే. మనిషికీ రెండే! ఇంతకంటే రుజువేం కావాలి?" అన్నారు అధ్యక్షులు. చప్పట్లు ఆగలేదు.

ఆ పెట్టను చంకన పెట్టుకుని, చక్రిని వెంటబెట్టుకుని ఆయన పటమట వెళ్లారు. కీర్తన కాఫీ ఇచ్చి, అంతా విని, తల ఊపింది.

"సరే మావయ్యగారూ, మనం కోళ్లమే. గుడ్ల కోళ్ల హేచరీలో పుంజు పిల్లల్ని ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. గుడ్లు పెట్టవని పుట్టిన రోజే ఏరి పారేస్తారు. ఆ లెక్కన ఈ గదిలోంచి ముందు ఎవరు లేవాలంటారు?"

చక్రి మెల్లగా కుర్చీలోంచి లేచాడు. రామతులసిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఒళ్లో పడుకోబెట్టిన పసిది బసవపున్నయ్యగారి వేలు గట్టిగా పట్టుకుంది. ఆయన కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి.

"ఊళ్లో గేదెలన్నిటికీ చెప్పారట కదా మావయ్యగారూ," అంది కీర్తన, ఈసారి మెల్లగా. "నన్నూ ఒక గేదెననుకుని చెప్పేయండి."

ఆయన నోరు తెరిచారు. మాట పెదవి దాకా వచ్చింది. "కమిటీలో పెట్టి చెప్తానమ్మా," అని లేచారు. కోడి కూడా ఆయనతో వెళ్లకుండా పటమటలోనే ఉండిపోయింది.

ప్రస్తుతం కమిటీవారు చేపల చెరువుల వైపు చూస్తున్నారు. ఏ జీవిలోనైనా తప్పు ఆడదానిదేనని ఎరిగిన పాఠకులు వెంటనే తెలియజేయవలసిందిగా కోరుతున్నారు. మనుషుల సంగతి మాత్రం రాయనక్కర్లేదు. అది మీ ఇళ్లలో ఏ రక్తపరీక్షా లేకుండానే ఎప్పుడో తేలిపోయిందని కమిటీవారికి తెలుసు.