మోటారు చావడి సామూహిక అదృశ్యం

"రాయలసీమలో నేరస్తులు ఇంకా నిద్ర పోతా ఉండారంటే, ఈ మునిచంద్ర మేలుకోనుండాడని వాళ్ళకి తెలీకనే!"

ఈ మాట అన్నది మునిచంద్రే. అప్పుడు వాడు తిరుపతిలో తన జిరాక్స్ అంగట్లో ఎవరిదో రేషన్ కార్డును తలకిందులుగా కాపీ తీస్తున్నాడు. అంగడి బోర్డు మీద "జిరాక్స్, లామినేషన్" అని, దాని కింద చిన్న అక్షరాలతో "అపరాధ పరిశోధన" అని ఉంటుంది. ఇప్పటిదాకా వాడు పట్టుకున్న పెద్ద నేరస్తుడు సొంత మామగారు. అల్లుడి చెప్పులు పొరపాటున వేసుకెళ్ళిన పాపానికి ఆయన్ను రెండు వీధులు తరిమాడు. నా పేరు గిరిప్రసాద్. నాకు మోటారు సైకిలుంది. మా స్నేహానికి అంతకు మించిన కారణం నాకు తోచదు.

ఆ ఆదివారం పొద్దున చిత్తూరు నుంచి ఫకృద్దీన్ భాయ్ ఫోన్ చేశాడు. బోరు మోటార్లకు వైండింగ్ కట్టే పెద్దమనిషి. మోటార్లు కాలిపోయిన రైతులు సందేహాలు అడగడానికి పదిహేనేళ్ళ కిందట ఇంటర్నెట్లో "మోటారు చావడి" అని ఒక ఫోరం పెట్టాడు. అక్కడ మనుషులకు పేర్లుండవు, వాళ్ళ ఊళ్ళే పేర్లు. ఫోన్ నంబర్లు ఇచ్చుకోరు. రోజూ సాయంత్రం ఆరింటికి భాయ్ "వాన పడిందా?" అని అడుగుతాడు. అందరూ ఒక్క మాటలో పలకాలి. లేదు, పడింది, తుంపర. అందరూ పలికాకే మోటార్ల సంగతి. ఒక్క మాట దాటినవాడికి శిక్ష కూడా ఉంది. ఆ రోజు ఏం తిన్నాడో చావడి మొత్తానికీ చెప్పుకోవాలి.

"మునీ, చావడి పాయనప్పా," అన్నాడు భాయ్. "పాత ఫోరం నడిపేవాళ్ళు మూసేస్తామన్నారు. రేణిగుంట గోదాములో కంప్యూటర్ పని చేసే స్రవంతి లేదా, ఆ బిడ్డ మనకి కొత్తది కట్టిచ్చింది. బుధవారం పాతదానికి తాళమేసినాము. ఆ పొద్దు నుంచి కొత్తదాంట్లో నాలుగు సాయంత్రాలు అడిగినా. రెండొందల పన్నెండు మందిలో ఒక్కరూ పలకలా. ఈ పొద్దు ఆరింటికి ఆఖరుసారి అడగతా. పలక్కపోతే మూసేస్తా. మనుషులు లేని చావడికి కాపలా ఎందుకప్పా?"

స్పీకర్లో వింటున్న నాకు మనసు చివుక్కుమంది. మునిచంద్ర కళ్ళు మాత్రం మెరిశాయి.

"గిరీ! రెండొందల పన్నెండు మంది! సామూహిక అపహరణ!"

"అంతమందిని ఎత్తకపోవాలంటే ఐదు బస్సులన్నా కావాల గదరా?"

"శభాష్! బస్సుల ఓనర్లను అనుమానితుల్లో రాసుకో!"

చావడిలో రోజూ మొదట పలికేది "ఐరాల" కాబట్టి దర్యాప్తు ఐరాలలో మొదలుకావాలన్నాడు. అంతకు ముందే ఐరాల పాత జవాబులు నలభై పేజీలు జిరాక్స్ తీశాడు. అన్నింటిలోనూ "లేదు." అనే ఉంది.

"చూడు, ప్రతి మాటెనకా చుక్క పెట్టినాడు. క్రమశిక్షణ! మిలిటరీలో పని చేసినోడు. యాభై ఐదేళ్ళు. ఎడమ మీసం కొంచెం పెద్దది."

"మీసం సంగతి యాడ తెలిసిందిరా?"

"అది చెప్తే నువ్వూ డిటెక్టివైపోతావు."

ఐరాలలో మారువేషం కోసం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ అద్దాల్లో దారి కనపడక నేరుగా కాలవలో దిగబడ్డాడు. పక్కనే బర్రెను కడుగుతున్న పెద్దావిడ చెయ్యి అందించి పైకి లాగింది. ఇద్దరికీ చెంబుతో మజ్జిగ కూడా ఇచ్చింది.

"ఎవురు గావాల నాయనా మీకు?"

"ఐరాల."

"ఈడంతా ఐరాలే గదా!"

"మోటారు చావడి ఐరాల!"

ఆమె మొహం విప్పారింది. "అది నేనే నాయనా. రాఘవమ్మ అంటారు నన్ను. రోజూ ఆరింటికి రాస్తానే ఉండా. ఇంకొకరు పలికితే ఒట్టు. భాయ్ అడగతాడు, మళ్ళా గమ్మునుంటాడు. మా మింద అలిగినాడో ఏమో."

మునిచంద్ర నన్ను బర్రె చాటుకు లాక్కెళ్ళాడు. "చూసినావా? మీసం లేదు! నకిలీ ఐరాల!"

"ఆయమ్మ నిజమే చెప్తా ఉండాదేమో రా. భాయ్‌కి ఒక మాట చెప్దాం."

"అడగ్గానే నిజం చెప్పే మనిషిని నేర ప్రపంచంలో యాడన్నా చూసినావా?" అంటూ నా ఫోన్ లాక్కున్నాడు. దర్యాప్తు రహస్యమట. లాక్కునేటప్పుడు అది కాలవలో పడింది. వాడిది అప్పటికే అందులో ఉంది.

చిత్తూరు చేరేసరికి ఆరు కావడానికి పది నిమిషాలు. భాయ్ రాగి తీగల మధ్య ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. పక్కన స్రవంతి, ఏడ్చిన మొహంతో.

"పదిహేనేళ్ళ మాటలు, ఊళ్ళ పేర్లు, ఒక్కటి పోకుండా తెచ్చినా అన్నా," అంది నాతో. "మనుషులే రాలా."

మునిచంద్ర షట్టర్ సగం దించాడు. మెడ నిక్కించాడు. "నేరస్తురాలు ఈ అంగట్లోనే ఉండాది! స్రవంతీ! చావడి జనాన్ని మాయం చేసి ఐరాలలో మీసంలేని మనిషిని నిలబెట్టింది నువ్వే! భాయ్ ఫోన్ మీద నీ వేలిముద్రలే రుజువు!"

"ఆ ఫోన్లో ఫోరం పెట్టిచ్చిందే నేను గదన్నా. నా వేలిముద్రలు గాక ఇంకెవురివి ఉంటాయి?"

వాడు వింటేగా! భాయ్ చేతిలో ఫోన్ గుంజుకుని, జేబులోంచి వేలిముద్రల పౌడరు డబ్బా తీసి, తెర మీద గుమ్మరించాడు. గుప్పున వెల్లుల్లి వాసన. వంటింట్లోంచి తెచ్చుకున్న డబ్బాలో ఉన్నది పప్పులపొడి. వాడు పట్టు వదలకుండా చొక్కా అంచుతో, ఆపైన వేళ్ళతో తెరను బరబరా రుద్దాడు. తెర మీద పేజీలు పరుగెత్తాయి. భాయ్ తుమ్మాడు. ఫోన్ టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆ తర్వాత ఆగితే ఒట్టు.

స్రవంతి ఫోన్ లాక్కుని తుడిచి చూసింది. భాయ్ ఒక్కసారీ తెరవని పేజీ ఒకటి తెరుచుకుని ఉంది. "ఆపి ఉంచినవి" అని దాని పేరు. కింద "అన్నీ వదిలిపెట్టు" అనే చోట పప్పులపొడి వేలిముద్ర స్పష్టంగా పడింది. అది మునిచంద్రది.

"అయ్యో భాయ్!" స్రవంతి తల కొట్టుకుంది. "మరీ చిన్న జవాబు రాస్తే పనికిరాని రాతనుకోని ఈ కొత్త ఫోరం పక్కన పెట్టేస్తాది. మనోళ్ళవన్నీ ఒక్క మాటలే గదా! నేను చూసుకోలా. తప్పంతా నాదే."

అందరూ పలకనిదే వేరే మాట ఎత్తకూడదనేది చావడి మర్యాద. అందుకే ఆ రెండొందల పన్నెండు మందీ నాలుగు రోజులు తలా ఒక్క మాట రాసి, తక్కినవాళ్ళ కోసం కాచుకుని కూర్చున్నారు. రాఘవమ్మ చెప్పిందాంట్లో ఒక్క అబద్ధం లేదు.

భాయ్ పైకి చదవడం మొదలుపెట్టాడు. "బుధవారం. ఐరాల, లేదు. కార్వేటినగరం, లేదు. పాకాల, తుంపర..." ఒక్కో ఊరి పేరుకూ ఆయన మొహంలో ఒక్కో మనిషి వచ్చి కూర్చున్నట్టుంది. తక్కినవి వేలితో జరుపుకుంటూ వచ్చి శనివారం దగ్గర ఆగిపోయాడు. ఆ రోజు ఐరాల వాన సంగతి రాయలేదు.

"ఉండావా?"

భాయ్ కళ్ళు తుడుచుకుని, పొడి ఘాటని మాకు చెప్పాడు. తర్వాత ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు: "ఉండా."

అప్పుడు సరిగ్గా ఆరయింది. స్రవంతి ఆ చిన్న జవాబుల అడ్డు తీసేసింది. భాయ్ "వాన పడిందా?" అన్నాడు. ఊళ్ళన్నీ ఒకదాని వెంట ఒకటి పలికాయి.

"కేసు ముగిసింది!" అన్నాడు మునిచంద్ర. భాయ్ ఫోన్లోనే తన అమోఘ మేధస్సు గురించి, మీసాల శాస్త్రం గురించి, బస్సుల ఓనర్ల గురించి మూడు పేజీలు రాసి చావడిలో పెట్టాడు. పెట్టి, చప్పట్ల కోసం ఎదురుచూశాడు.

మొదట ఐరాల పలికింది. "ఏంతింటివి?"

వెనకే కార్వేటినగరం అదే అడిగింది. పాకాల అడిగింది. నిమిషంలో నలభై ఊళ్ళు అడిగాయి. స్రవంతి నాలుగు రోజుల తర్వాత పకపకా నవ్వింది.

మునిచంద్ర తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. సాక్ష్యాన్ని వాడు అప్పటికే సగం నాకేశాడు. పుట్టిన తర్వాత మొదటిసారి ఒక్క మాటలో జవాబిచ్చాడు.

"పప్పులపొడి."