చెత్తబండికి ఆయుష్షు

మా చోడవరం పంచాయతీ బోర్డు యంత్రయుగంలోకి అడుగుపెట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వీధిలో బురద ఎక్కువ కావడం వల్ల ఆ అడుగు తిరిగి పైకి రావడానికి కొంత ఆలస్యమైంది.

దేశానికి పంచవర్ష ప్రణాళిక ఉన్నట్టే బోర్డువారి వాహనాలకూ పనిముట్లకూ ఒక ప్రణాళిక ఉండాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఏది ఎప్పుడు కొన్నారు, ఇంకా ఎన్నాళ్లు పనికొస్తుంది, దాని బదులు ఏం కొంటారు, ఇవన్నీ రాసి పంపాలి. మా బోర్డువారి వాహనబలం ఒక ఒంటెద్దు చెత్తబండి. దాన్ని తోలేది దేముడమ్మ. మొగుడు పోయాక అతని ముల్లుగర్ర ఈమె అందుకుంది. వీధులు ఊడ్చేదీ, చెత్త ఎత్తేదీ కూడా ఆమే. కిందటి వానల్లో బండి ఇరుసు పగిలితే తాడు చుట్టి నడుపుకొస్తూ, కొత్త ఇరుసు వేయించమని అడుగుతూ ఉండేది. ఇంత చిన్న కోరిక కోరడం దూరదృష్టి లేకపోవడమేనని బోర్డువారు బాధపడ్డారు.

ఉత్తరువులో 'లైఫ్' అని ఒక గడి ఉంది. గుమాస్తా శ్యామ్ సుందర్ దాన్ని పైకి చదివాడు. ప్రెసిడెంటు గణపతిరావుగారు ఇంగ్లీషులో దిట్ట. ఇంటర్మీడియెట్‌లో మొదటి సంవత్సరమే ఆయన రెండుసార్లు చదివారు.

"లైఫంటే ఏటనుకున్నారు? ఆయుష్షు!" అన్నారు.

ఆయుష్షు చెప్పడం గుమాస్తా పని కాదు గదా. సిద్ధాంతిగారికి కబురు వెళ్లింది.

సిద్ధాంతిగారు బండి పుట్టిన వేళ అడిగారు. దాన్ని చేసిన వడ్రంగిని వడ్డాది నుంచి పిలిపించారు. చక్రం ఎక్కించిన నాడు ఊళ్లో సంత జరుగుతోందనీ, మేకు దిగేటప్పుడు ఎవరో తుమ్మారనీ అతను వాంగ్మూలం ఇచ్చాడు. ఇంతటి బలమైన ఆధారాలతో సిద్ధాంతిగారు జాతకం కట్టి, బండిది పూర్ణాయుర్దాయమని తేల్చారు. అంత ఆయుష్షున్న బండికి మళ్లీ ఇరుసెందుకని బోర్డువారు దేముడమ్మ అర్జీ కొట్టేశారు. సిద్ధాంతిగారు ఎద్దుకి కూడా నోరు తెరిపించి పళ్లు చూశారు. ప్రణాళిక ముగిసేదాకా దానికి ఢోకా లేదన్నారు.

దేముడమ్మను రాయడానికి ఆ కాగితంలో ఎక్కడా చోటు లేదు. శ్యామ్ సుందర్ బుద్ధిమంతుడు. ఆలోచించి, 'పనిముట్లు' అన్న చోట చీపురుకీ తట్టకీ మధ్య ఇరికించాడు. ఎప్పుడు పుట్టావని అడిగితే ఆమె "పెద్ద గాలోన యేడు" అంది. ఏ గాలివానో ఆమెకీ తెలియదు. సిద్ధాంతిగారు తాను విన్నవాటిల్లో అన్నిటికంటే పాతది ఎంచుకున్నారు. ఆ లెక్కన దేముడమ్మ ఆయువు ఎప్పుడో తీరిపోయింది. ఆయువు తీరిన పనిముట్టును పనికిరాదని కండెమ్ చేసి కొత్తది కొనవచ్చునని ఉత్తరువులో స్పష్టంగా ఉంది. సభ్యులు ఏకగ్రీవంగా కండెమ్ చేశారు. కొత్తది అంటే మోటారు లారీ.

దేముడమ్మ వచ్చి బోర్డు ఆఫీసు మెట్ల కింద నిలబడింది.

"బాబూ, నాను బతికే ఉన్నాను గదా!"

"నువ్వు సచ్చిపోయేవని ఎవడన్నాడే? కాయితం మీద నీ ఆయువు అయిపోనాది, అంతే" అన్నారు ప్రెసిడెంటుగారు, ఓదార్పుగా.

"కాయితం మీద సచ్చిపోనోలికి కూలెవులిస్తారు బాబూ? ఎద్దుకి పళ్లు సూసేరు. నా నోరేనా తెరిపించి సూడలేదు!"

"నువ్వే తెరుస్తన్నావు గదే, ఊరంతా సూస్తంది!"

సభ్యులు చాలాసేపు నవ్వారు. మా ఆయన కూడా సభ్యులే. ఆ హాస్యాన్ని జాగ్రత్తగా ఇంటికి తెచ్చి, భోజనం దగ్గర నాకు మళ్లీ వడ్డించారు.

లారీ వచ్చింది. దండ వేశారు, గుమ్మడికాయ కొట్టారు. "ఈ లారీ చోడవరానికి కొత్త లైఫు!" అని ప్రెసిడెంటుగారు ఉపన్యసించారు. ఆ తర్వాత దాన్ని తెచ్చిన కంపెనీవాడు మా సందులోకి తిప్పబోతే పట్టలేదు; అక్కడే అప్పగించి వెళ్లిపోయాడు. సందు ఇరుగ్గా ఉండటం లారీ లోపం కాదని వెంటనే తీర్మానించారు. డ్రైవరు పనిముట్టు కాడు గనుక ప్రణాళికలో అతని ఊసు లేదు. కాబట్టి లారీ సందు మొగలో ఆగిపోయింది. కోళ్లకు మంచి నీడ. తోలే మనిషి లేక ఎద్దు కూడా తిని కూర్చుని, సిద్ధాంతిగారి మాట నిజం చేస్తోంది.

చెత్త మాత్రం ఏ ప్రణాళికా లేకుండానే పెరిగింది. చివరికి మా వీధి ఆడవాళ్లం మంగాయమ్మగారి అరుగు మీద సమావేశమయ్యాం.

"పాపం, దేముడమ్మకి ఎంత అన్యాయం చేసేరమ్మా!" అన్నారు మంగాయమ్మగారు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. అందరం కొంగులు అడ్డం పెట్టుకునే సానుభూతి చూపించాం. తర్వాత దేముడమ్మకి కబురంపాం. ఇంటింటి చెత్తా నెత్తి మీద మోసుకెళ్లి లారీలో వేయాలన్నాం.

"కూలేటమ్మా మరి?" అంది దేముడమ్మ.

"కూలేటే! కండెమైనదానికి కూలిస్తే రేపు మావాళ్ల మీద ఆడిట్ రాదూ?" అన్నారు మంగాయమ్మగారు. వారి ఆయన కూడా సభ్యులే.

దేముడమ్మ తట్ట ఎత్తుకుంది.

మేమేం రాతి మనుషులం కాము. రోజుకో ఇంట్లో ఆమెకి చద్దన్నం పెట్టాలని ఒప్పందం చేసుకున్నాం. నిన్న మా వంతు. అన్నం కాస్త పులిసింది గాని, నంజుకోవడానికి ఉల్లిపాయ కూడా ఇచ్చాను. ఆయువు తీరిన పనిముట్టుకి ఇంత మరమ్మతు ఖర్చు ఏ బోర్డువారు పెడతారో చెప్పండి!