జననాల గడిలో సున్నా

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన ఆయుధాల్లోకెల్లా మర్యాదస్తురాలు కోతుల టీకా తుపాకీ. అది చంపదు, గాయపరచదు. దూరం నుంచి ఒక సూది పేలిస్తే చాలు, ఇక గర్భం నిలవకుండా కోతి ఒళ్లే చూసుకుంటుంది. (నెల తిరిగాక అదే కోతికి రెండో డోసు వేయాలి. ఆ ‘అదే కోతి’ని ఎలా గుర్తుపట్టాలన్న విషయమై కమిటీ ఇంకా కూర్చోలేదు.)

అటవీ శాఖ జనన నియంత్రణ విభాగంలో ఆ తుపాకీ పేల్చే ఉద్యోగిని అందరూ గురిగాడంటారు. వాడి భార్యకు నెలలు నిండాయి. మొదటి కాన్పప్పుడు వాడు ఒక ముసలి కోతికి రెండో డోసు వేస్తూ చెట్టు కింద ఉన్నాడు. ఆ సంగతి ఆవిడ ఈరోజుకీ మరిచిపోలేదు. “ఈసారీ రాకపోయావో, ఆ కోతులతోనే కాపురం చేసుకో” అని తెగేసి చెప్పింది. వాడు అప్పటికప్పుడే సెలవు చీటీ రాసుకుని ఆఫీసుకు పరిగెత్తాడు.

సెలవు చీటీ చూసి పెద్దసారు నొచ్చుకున్నారు. “ఏమయ్యా, మనది జననాలు ఆపే విభాగం. మూడు నెలలుగా నివేదికలో జననాల గడిలో సున్నా నిలబెట్టుకొస్తున్నాం. నువ్వే ఇలా చేస్తే ఎలా?”

“అది కోతుల లెక్క కదండీ!”

“గడిలో కోతులని ఉందా? జననాలు అనే ఉంది.”

గురిగాడు దిగాలుగా బయటికొచ్చాడు. కంప్యూటరు ముందు, ఆఫీసంతా పెద్దక్క అని పిలిచే గుమాస్తా కూర్చుని ఉంది. నిబంధనలను నిబంధనలతోనే కొట్టడంలో ఆవిడది ఇరవై ఏళ్ల సర్వీసు.

“ఆ ఏడుపు మొహం ఆపరా. మన పరిధిలో కాన్పయితే సిబ్బంది దగ్గరుండి చూడాలి, పద్నాలుగో నిబంధన. సెలవెందుకు? డ్యూటీ మీదే పో.”

అంటూనే కాన్పు నమోదు చేసింది. జాతి అన్న చోట మూడే ఉన్నాయి: కోతి, జింక, పంది.

“ఏది నొక్కమంటావ్?”

“కోతే నొక్కక్కా. మా ఆవిడ ఎలాగూ నన్ను అదే అంటుంది.”

శాఖ జీపులో దర్జాగా ఆసుపత్రికి వెళ్లాడు. పాప పుట్టింది. భార్య వాడి చెయ్యి వదల్లేదు. వాడు సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. (తనిఖీ నివేదికలో మాత్రం ‘తల్లీపిల్లా క్షేమం, చెట్టెక్కే ప్రయత్నమేదీ చేయలేదు’ అని రాశాడు.)

వారం తిరక్కుండా పెద్దసారు నుంచి మెమో వచ్చింది. సదరు తల్లికి టీకా ఎందుకు తప్పిపోయిందో సంజాయిషీ ఇవ్వాలట. భార్య అది చదివి, పడీపడీ నవ్వి, జవాబు తనే రాసింది: “తొమ్మిది నెలల కిందట తమరు తమ సిబ్బందికి రెండు రోజులు సెలవిచ్చారు.”

మూలకారణం దొరికినందుకు పెద్దసారు ఎంతో సంతోషించారు. సిబ్బంది సెలవులన్నీ రద్దు చేసి, టీకా కన్నా ఇదే నికరమైన పద్ధతని పైకి రాశారు.