కుసుమ పూల చాయ్

ఆ ఉదయం హుస్సేన్‌బీ వేసుకున్న పథకం చాలా చిన్నది. రియాద్‌లో తాను పనిచేసే ఇంటి ముసలావిడకు కుసుమ పూల చాయ్ తాగించాలి, మోకాళ్ల నొప్పులు నెమ్మదించగానే సెలవు అడగాలి. కువైట్ యుద్ధం ముగిసి విమానాలు మళ్లీ తిరుగుతున్నాయి. కడప జిల్లాలో తల్లి మంచం పట్టింది.

పూలు పంపింది ఆ తల్లే. మంచం పట్టకముందే, ముళ్లు గుచ్చుకోకుండా చేతులకు గుడ్డ చుట్టుకుని కోసి, నీడన ఆరబెట్టింది. వాళ్ల ఊళ్లో ఒకప్పుడు ఈ పూలతో బట్టలకు రంగేసేవాళ్లు, ఇప్పుడు నొప్పులకు కాచుకు తాగుతారు, మోసగాళ్లయితే కుంకుమపువ్వని అమ్ముకుంటారు. ఆ ఇంటి డ్రైవర్ మస్తాన్ వలీది అదే ఊరు. సెలవు నుంచి తిరిగొచ్చి పొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

"మీయమ్మ నీకోసం ఎదురు సూస్తాండాది మే. బిన్నా పో."

ముసలావిడను పనివాళ్లు 'మామా' అనాలి, అరబ్బుల ఇళ్లలో అంటే అమ్మే. మామా రెండు గుక్కలు తాగి, మరికాస్త తెల్లటి ముసుగు మీద ఒంపుకుంది. ఆ పచ్చటి మరకలు చూసి కోడలు "గ్యాస్!" అని కేకపెట్టింది. యుద్ధమంతా ఎదురుచూసిన విషవాయువు ఇన్నాళ్లకు వచ్చిందనుకుని ఇంటిల్లిపాదీ మాస్కులు తగిలించుకుని, కిటికీలకు టేపు అంటించిన గదిలోకి పరుగెత్తారు. వాళ్లను చూసి పక్కింటివాళ్లు, పక్కింటివాళ్లను చూసి వీధి వీధంతా మాస్కులు వేసుకుంది. మామా మాత్రం మాస్కు ఎత్తి ఎత్తి మిగిలిన చాయ్ చప్పరిస్తోంది.

చివరికి పోలీసొచ్చి గ్లాసు వాసన చూశాడు. "ఇది ఉస్ఫుర్ పువ్వు! మా అమ్మ రంగు కోసం అన్నంలో వేస్తుంది."

అందరూ నవ్వారు. అదే అదననుకుంది హుస్సేన్‌బీ.

"మామా, మా అమ్మకు బాగలేదు. ఊరికి పంపండి."

మామా తన కాళ్ల వంక చూసుకుంటోంది. "ఇందాక నేను పరుగెత్తానా?"

"పరుగెత్తావమ్మా" అన్నాడు కొడుకు.

"అయితే ఈమెను ఎలా పంపుతాం? ఈ చాయ్ ఎవరు కాస్తారు?"

చేసిన మంచే మెడకు చుట్టుకుంది. పాస్‌పోర్టు కొడుకు బీరువాలో ఉంది. సెలవు రంజాన్ తర్వాతకు జరిగింది, ఆపైన ఇంకాస్త తర్వాతకు. హుస్సేన్‌బీ కసిగా చాయ్ చేదెక్కేదాకా మరిగించి చూసింది. మామా తేనె కలుపుకుంది. కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడవడం హుస్సేన్‌బీకి అలవాటైపోయింది.

పొట్లం అడుగంటిన ఉదయాన మస్తాన్ వలీ వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"మీయమ్మ పోయింది మే. నిన్ననే మట్టి సేసినారంట."

అంతలో మామా ఖాళీ పొట్లం పట్టుకుని, చకచకా నడుచుకుంటూ వచ్చింది.

"పూలైపోయాయి. రేపే ఊరికి వెళ్లు. ఈసారి మీ అమ్మను సంచి నిండా కోయమను."

హుస్సేన్‌బీ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, సెలవు దొరికిన సంతోషం కాబోలనుకుని మామా ఆమె వీపు నిమిరింది.