నాలుగడుగుల సుద్దగీత

ఆ రోజు పొద్దున్న చిట్కా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి వదిన కొట్టుకు వెళ్ళాలి. ఎదుట ఓ గంట నిలబడి, దారినపోయేవాళ్ళలో ఎంతమంది బోర్డు వంక చూస్తున్నారో లెక్కపెట్టాలి. ఇంటికొచ్చి వ్యాసం రాసేయాలి. భోజనాల వేళ దాటేసరికి వ్యాసం బ్లాగులో ఉండాలి, తను మంచం మీద ఉండాలి.

చిట్కా అన్నది అసలు పేరు కాదు. అతను ఆరేళ్ళుగా మార్కెటింగ్ గురించి బ్లాగు రాస్తున్నాడు. ప్రతి వ్యాసం చివరా ఓ చిట్కా ఉంటుంది. అన్నయ్య పిల్లలు ఆటపట్టించడానికి మొదలుపెట్టిన ఆ పిలుపు క్రమంగా ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. అన్నావదినలతో పాటు మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్న అతనికి నగరంలో నచ్చే వస్తువంటూ ఒక్కటీ లేదు. మందుల షాపు బోర్డు మీద మందులు తప్ప అన్నీ రాసి ఉంటాయి. బస్సు వెనక అంటించిన ప్రకటనలో ఫోన్ నంబరు సరిగ్గా పొగగొట్టం పక్కన పడి, చివరి మూడంకెలు మసిబారిపోయి ఉంటాయి. వదిన కొట్టున్న వీధిలోనే చెప్పుల కొట్టాయన 'ఆఖరి మూడు రోజులు' అని కట్టిన గుడ్డ మూడేళ్ళుగా ఎండకు ఎండి వానకు తడుస్తోంది. ఇవన్నీ చూసి చిట్కాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటంతా బ్లాగులోకి వెళుతుంది.

వదిన కొట్టు మాత్రం అతనికి మంట కాదు, దిగులు. ఆమె బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేస్తుంది. జిప్పు మార్చడం, తెగిన పట్టీ కుట్టడం, ఊడిన చక్రం బిగించడం ఆమెకు వచ్చినంత బాగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. కొట్టు పెట్టి పది నెలలైనా ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలియలేదు. నెలాఖరులోగా కొట్టు నిలదొక్కుకోకపోతే తాళాలు ఇచ్చేసి ఫ్యాక్టరీలో కుట్టుపనికి వెళ్ళిపోతానని ఆమె భర్తతో అనేసింది. నెలాఖరుకు ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. అప్పటివరకు చిట్కా ఇచ్చిన సలహాలన్నీ ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. కొట్టు పేరు మార్చింది, గోడకు నారింజరంగు వేయించింది, వచ్చినవాళ్ళను నవ్వుతూ పలకరించడం అలవాటు చేసుకుంది. నవ్వడానికి మనుషులు రావడం లేదు, అంతే.

అందుకే ఆ పొద్దున్న మరిది నోట్‌బుక్కుతో దిగబడగానే ఆమె ముందే చెప్పేసింది. "ఇవాళ సలహాలు వద్దు చిట్కా. ఊరికే చూసి వెళ్ళు."

"సలహా కాదు వదినా, పరిశోధన," అన్నాడు అతను నొసలు నొక్కుకుంటూ. ఏడింటి నుంచి పై ఫ్లాటువాళ్ళు గోడకు డ్రిల్లింగు పెట్టి అతని తలకు కూడా చిల్లు పొడిచినంత పని చేశారు.

అరగంటలో చిట్కా తొంభై ఒక్కమందిని లెక్కపెట్టాడు. బోర్డు వంక ఒక్కరూ చూడలేదు. కారణం కళ్ళెదుటే ఉంది. పక్కనున్న ప్లాస్టిక్ సామాన్ల కొట్టాయన బకెట్లను ఫుట్‌పాత్ మీద మనిషిన్నర ఎత్తున పేర్చాడు. ఆ పక్కన చెప్పుల స్టాండ్లు, ఆ తరవాత ఫొటోకాపీ కొట్టువారి కుర్చీలు. ఫుట్‌పాత్ మీద నడిచే దారి లేక జనం రోడ్డెక్కి, వెనకొచ్చే బండి గుద్దుతుందేమోనని చూసుకుంటూ పోతున్నారు. ప్రాణం అరచేతిలో పెట్టుకున్నవాడు బోర్డులేం చదువుతాడు?

ఈ అడ్డమంతా ఎంత వెనక్కి జరిగితే బస్టాపు దగ్గర నిలబడ్డవాళ్ళకు వదిన బోర్డు కనిపిస్తుందో తేల్చాలని అతనికి అనిపించింది. ఫొటోకాపీ కొట్టుకు వెళ్ళి సుద్దముక్కలు, పొడుగాటి కొలత టేపు కొన్నాడు. బస్టాపుకూ కొట్టుకూ మధ్య నాలుగుసార్లు తిరిగి, వంగి, తొంగి, చివరికి నాలుగడుగులని తేల్చాడు. కొట్ల గోడల నుంచి నాలుగడుగుల దూరం కొలుస్తూ వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిన్నగా సుద్దగీత గీశాడు. గీత బకెట్ల కిందుగా, చెప్పుల స్టాండ్ల మధ్యగా, ఫొటోకాపీ కొట్టు మెట్లకు అడ్డంగా పోయింది. గీస్తూ గీస్తూ, వ్యాసానికి పనికొస్తుందని ఫోన్లో చెప్పి రికార్డు చేసుకున్నాడు. "ఇది అడ్డం. ఇదీ అడ్డం. గీత దాటినదంతా తీసేయాల్సిందే."

సరిగ్గా అప్పుడే ప్లాస్టిక్ కొట్టాయన బకెట్ల చాటు నుంచి తల బయటపెట్టాడు. పాపం ఆయన మెత్తటి మనిషి. టేపు, నోట్‌బుక్కు, గీత మూడూ ఒకదాని తర్వాత ఒకటి చూసి దగ్గరకు వచ్చి, ఎంతవరకు సార్ అని అడిగాడు. నాలుగడుగులని చెప్పి చిట్కా రాసుకుంటూనే ఉన్నాడు. రాసేది ఎప్పటికి బయటికొస్తుందని ఆయన అడిగితే, తన వ్యాసం గురించి ఓ మనిషి ఆసక్తి చూపడం అదే మొదటిసారి కావడంతో చిట్కా ముఖం విప్పారింది.

"మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. ఇప్పటికే బాగా పొడుగైంది. సగం కోసేయాలి."

"సగమా?" ఆయన తన కొట్టు వంక తిరిగి చూసుకున్నాడు. చిట్కా మళ్ళీ నొసలు నొక్కుకోవడం చూసి, ఏమైందని ఆదరంగా అడిగాడు.

"పైవాళ్ళతో తలనొప్పి. పొద్దున్న ఏడింటికే డ్రిల్లింగు మొదలుపెట్టేశారు. గోడ కూలిపోతుందేమో అనిపించింది. ఎవరు చెప్పినా వినే రకం కాదు," అని చిట్కా బస్టాపు వైపు వెళ్ళిపోయాడు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారన్న కబురు చెప్పుల కొట్టుకు చేరేసరికి నాలుగడుగులు పద్నాలుగయ్యాయి. మందుల షాపు దాటేసరికి, పక్క వీధిలో అప్పుడే గోడలు కూలుస్తున్నారన్న సంగతి కూడా కలిసింది. ఫొటోకాపీ కొట్టు పెద్దాయన వర్తకుల సంఘానికి కార్యదర్శి. ఆయన ఏ మాటా తేలిగ్గా నమ్మడు. కాని ఈసారి సాక్ష్యం ఆయన దగ్గరే ఉంది. "టేపు నా దగ్గరే కొన్నాడయ్యా. రసీదు అడిగాడు. సొంత పనికి సుద్దముక్క కొన్నవాడు రసీదు అడుగుతాడా? గవర్నమెంటు మనిషే," అని తేల్చేశాడు. పెద్దాయన అంతటివాడే అన్నాక ఇంక అనుమానానికి చోటు లేకపోయింది.

వీధి మొత్తం మూటాముల్లె సర్దుకోవడం మొదలుపెట్టింది. ముందు గీత దాటి ఉన్న సామానంతా లోపలికి పోయింది. బకెట్ల గోపురం దిగింది, చెప్పుల స్టాండ్లు మడతపడ్డాయి. తరవాత లోపలున్న సామాను ఎక్కడికైనా తరలించాలన్న ఆలోచన వచ్చి, అందరూ అటకల మీద నుంచి పాత సూట్‌కేసులు, సంచులు దింపారు. దింపినవాటిలో ఒకదానికి జిప్పు లేదు, ఒకదానికి పట్టీ లేదు, ఒకదానికి చక్రాలు మూడే ఉన్నాయి. వాటిని పట్టుకుని బయటికొచ్చిన చెప్పుల కొట్టాయనకు, బకెట్లు పోయిన చోట, మిరుమిట్లు గొలిపే నారింజరంగు గోడ, దాని మీద పెద్దక్షరాల బోర్డు కనిపించాయి.

"ఇక్కడ బ్యాగులు బాగుచేస్తారామ్మా? ఎప్పటి నుంచి?"

"పది నెలల నుంచి," అంది వదిన, నవ్వుతూ.

పదకొండింటికల్లా కొట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. ఊరి ప్రయాణాల కాలం కాబోలనుకుని వదిన తలెత్తకుండా కుడుతోంది. పదిహేడో బ్యాగు ఇస్తూ ప్లాస్టిక్ కొట్టాయన, మీరు ఖాళీ చెయ్యట్లేదా తల్లీ అని జాలిగా అడిగి, ఆఫీసరు స్వయంగా గీసి వెళ్ళిన గీతను చూపించాడు. ఆమె గీత వెంబడే చూపు పోనిచ్చింది. ఆ చివర, మోకాళ్ళ మీద కూర్చుని, సుద్దపొడి అంటుకున్న ముఖంతో ఆఫీసరు కనిపించాడు. ఆమె అతన్ని కొట్టు లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఏం చేశావు చిట్కా?"

"చెప్పాను కదా వదినా, పరిశోధన."

"నీ పరిశోధనకు వీధి వీధంతా కాపరం ఎత్తేస్తోంది."

జరిగిందంతా విన్నాక చిట్కా టేపు చుట్టేశాడు. ఇప్పుడే పోయి నిజం చెప్పేస్తానన్నాడు. చెప్పాలి మరి, అంది వదిన. అని, ఎదుట కుప్పగా పడున్న బ్యాగుల వంక చూసింది. పది నెలల్లో అన్ని బ్యాగులు ఒక్కచోట ఆమె చూడలేదు. ఆమె ముఖంలో ఒక నిమిషం పాటు ధర్మమూ జిప్పులూ పెనుగులాడాయి. చివరికి ఆమె మధ్యేమార్గం కనిపెట్టింది. "నిజం చెబితే మాత్రం పోయిన జిప్పులు తిరిగొస్తాయా? ఇవి ఎలాగూ కుట్టాల్సినవే. నువ్వెళ్ళి చెప్పు. నేను కుడుతుంటాను."

చిట్కా ఫొటోకాపీ కొట్టు ముందు చేరిన గుంపు దగ్గరకు వెళ్ళి, తను ఆఫీసరు కాదని, రోడ్డుకేమీ కాదని, తను ఉత్త బ్లాగరునని మూడుసార్లు చెప్పాడు. పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"బ్లాగు అంటే ఏ శాఖ కిందికొస్తుంది బాబూ?"

"ఏ శాఖా కాదండీ. నా సొంతం. నాకు తోచింది రాస్తాను."

"జీతం?"

"ఎవరూ ఇవ్వరు."

గుంపు ముఖముఖాలు చూసుకుంది. జీతం లేకుండా ఓ మనిషి ఎండలో రెండు గంటలు వీధి కొలుస్తాడంటే ఎవరికీ మింగుడు పడలేదు. పైనుంచి నోరు మూయించారని చెప్పుల కొట్టాయన పక్కవాడి చెవిలో అన్నాడు. ఇంక లాభం లేదని, అందరూ కలిసి కార్పొరేషన్ ఆఫీసుకే పోయి తేల్చుకోవాలని పెద్దాయన నిర్ణయించాడు. చిట్కాను కూడా తీసుకెళ్ళారు, మర్యాదగానే, చెరో రెక్కా పట్టుకుని.

ఆఫీసులో రోడ్ల ఇంజినీరు నడివయసు ఆవిడ. చేతిలో సగం తిన్న అరటిపండుతో ముప్పైమంది వర్తకులను ఒక్కసారిగా చూసింది. వాళ్ళు చెప్పినదంతా విని, బీరువాలో వెతికి, కంప్యూటర్లో వెతికి, పక్క గదిలో అడిగి వచ్చి, ఆ వీధిని వెడల్పు చేసే ఆలోచన తమకు లేదని చెప్పింది. ఆ మాటకొస్తే అలాంటి వీధి ఒకటుందని కూడా తనకు గుర్తు లేదంది.

అక్కడితో ఇంటికి వచ్చేస్తే సరిపోయేది. పెద్దాయన ఆ మాటే కాగితం మీద రాసివ్వమన్నాడు. రాసివ్వాలంటే దరఖాస్తు కావాలని ఆవిడంది. దరఖాస్తులో వీధి పొడవు, వెడల్పు, అడ్డంకుల వివరాలు రాయాలంది. అవి ఎవరికి తెలుసని అందరూ దిక్కులు చూశారు. తరవాత అందరి చూపులూ చిట్కా నోట్‌బుక్కు మీద వాలాయి. అందులో అన్నీ ఉన్నాయి, బకెట్ల ఎత్తుతో సహా. ఇంజినీరు ఆ పేజీలు చూసి, ఇంత శుభ్రంగా కొలిచేవాళ్ళు తమ దగ్గర కూడా లేరని మెచ్చుకుని, కొత్త అట్ట తీసి, లోపల కాగితాలు పెట్టి, పైన నంబరు వేసింది. ఆ నంబరున్న చీటీ పెద్దాయన చేతికిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు అందరూ పెళ్ళివారిలా ఉన్నారు. రోడ్డు పని ఆపించిన ఘనత చిట్కాదేనని అప్పటికే తీర్మానించుకున్నారు. అసలు పనే లేదని అతను మొత్తుకుంటే, గొప్పవాళ్ళు ఇలాగే అంటారని ప్లాస్టిక్ కొట్టాయన అతని భుజం తట్టాడు. ఫైలు నడుస్తున్నంత కాలం జాగ్రత్తగా ఉండాలని, గీత దాటి ఎవరూ సామాను పెట్టకూడదని పెద్దాయన వీధికంతటికీ హుకుం జారీ చేశాడు.

వదిన ఇరవై మూడో బ్యాగు మీద ఉంది. చిట్కా ఆమె ఎదుట స్టూలు మీద కూలబడి, దారానికి మైనం రాస్తూ, జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాడు. గండం గడిచిందని, నంబరు కూడా ఇచ్చారని సంబరంగా ముగించాడు. ఆమె మిషను ఆపింది.

"అంటే ఇప్పుడు మన వీధి పేరున ఓ ఫైలుంది."

"ఉంది వదినా."

"ఇన్నాళ్ళూ లేదు."

"లేదు."

"ఫైలున్నాక, కొలవడానికి ఎవరో ఒకరు రాకుండా ఉంటారా?"

చిట్కా చేతిలో మైనం ఆగిపోయింది. ఆరేళ్ళలో అన్ని వ్యాసాలు రాసినవాడికి ఆ సంగతి తట్టనే లేదు. వదిన అప్పటికే ఫోను తీసి, జిప్పులు పంపే హోల్‌సేల్ ఆయనతో మాట్లాడుతోంది. ఈసారి రెండు డజన్లు చాలవని, పది డజన్లు పంపమని, మంచి గట్టివి పంపమని చెప్పింది.

నెలాఖరు వచ్చింది, పోయింది. తాళాల మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. బస్టాపులో నిలబడ్డవాళ్ళకు నారింజరంగు గోడ స్పష్టంగా కనిపిస్తోంది. చిట్కా మధ్యాహ్నాలు వచ్చి మైనం రాసిపెడుతున్నాడు. సలహా ఇవ్వనంతసేపూ అతను పనికొచ్చే మనిషేనని వదిన భర్తతో అన్నది కూడా.

ఫైలు తెరిచిన పంతొమ్మిదో రోజున కార్పొరేషన్ నుంచి నిజంగానే ఇద్దరు వచ్చారు. వీధి మళ్ళీ అటకలెక్కింది. వాళ్ళు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రెండుసార్లు కొలిచి, ఫుట్‌పాత్ ఇంత ఖాళీగా ఉన్న వీధిని వెడల్పు చెయ్యాల్సిన అవసరం లేదని రాసుకున్నారు. వెళ్ళేముందు తమ సంచికి కొత్త జిప్పు వేయించుకున్నారు.