అంటార్కిటికాకు అక్షింతలు

తొర్రూరులో విత్తనాల షాపు నడిపే రవీందర్ ఆ పొద్దున వేసుకున్న ప్లాను చిన్నదే. ఎవరికీ తెలియకుండా భార్య ప్రేమలతను కారెక్కించుకోవాలి, జనగామలో అత్తగారింట్లో ఇంత తినాలి, పొద్దుగూకేసరికి హైదరాబాదు ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఆ తర్వాత విమానాలు మారి మారి, భూమి కొసన ఓడెక్కి, అంటార్కిటికాకు పోవాలి. బాగా అమ్మిన డీలర్లను విత్తనాల కంపెనీ ఏటా బ్యాంకాక్ తిప్పుకొచ్చేది. బ్యాంకాక్ అందరికీ మొహం మొత్తడంతో, ఈసారి భార్యాభర్తలిద్దరికీ మంచు చూపిస్తామంది. చలికని రెండు దొడ్డు ఎర్ర కోట్లు ముందే ఇంటికి పంపింది కూడా.

తొర్రూరు నుంచి ఆ మంచు మీద కాలు పెట్టే మొదటి మనిషి తానే కావాలని రవీందర్ కోరిక. పెంగ్విన్ల నడుమ నిలబడి ఫొటో దిగాలి, పటం కట్టించాలి, షాపులో గల్లాపెట్టె పైన వేలాడదీయాలి. దానికోసం గోడకు మేకు కూడా కొట్టి పెట్టాడు. వచ్చిన రైతులు "ఏంది సేటూ, ఉత్త మేకు?" అంటే నవ్వి ఊరుకునేవాడు.

"ఎవ్వలకు చెప్పకు. చెప్తే మందంత వస్తరు, ఆలస్యమైతది" అని భార్యకు చెప్పిందే చెప్పాడు.

"నేనెవ్వలకు చెప్త. మీరు చెప్పకుంటె సాలు" అంది ప్రేమలత. కాపురం చేస్తున్న మనిషి కదా, ఆమెకు తెలుసు.

నిజం చెప్పాలంటే రవీందర్ ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరు జనగామలో ఉండే బామ్మర్ది వెంకట్రాం. వెంకట్రాం చోటా నాయకుడు. ఎవరి పుట్టినరోజు వచ్చినా చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించకపోతే అతనికి ఆ పూట అన్నం సయించదు.

కారు జనగామ చౌరస్తాకు వచ్చేసరికి డప్పులు మోగుతున్నాయి. ఇంత ఎత్తు ఫ్లెక్సీలో ఎర్రకోటు వేసుకున్న రవీందర్, చేతిలో జెండా, చుట్టూ పెంగ్విన్లు. కింద పెద్ద అక్షరాలు: మంచుఖండంపై కాలుమోపిన తొలి తొర్రూరు బిడ్డ.

"అరేయ్, ఇంక ఎయిర్‌పోర్టు మొహమే చూడలే, అప్పుడే కాలు మోపిన్నా?" అన్నాడు రవీందర్ కారు దిగుతూ.

"ఎట్లైన మోపుతవ్ గద బావా. వచ్చినంక మళ్లొకటి ఎందుకని ఇప్పుడే కొట్టించిన" అన్నాడు వెంకట్రాం.

"మరి నా పక్కన ఆ తెల్ల ఎలుగుబంటేంది? గది ఉత్తరం దిక్కుండే జానవర్. నేను పోయేది దక్షిణం."

"ఉండనియ్యి బావా, నిండుగున్నది."

వచ్చిన చిక్కేమిటంటే, ఫ్లెక్సీలో కోటుంది, మనిషి మీద లేదు. కోటు లేకపోతే జనం గుర్తుపట్టరని వెంకట్రాం పట్టుబట్టాడు. చెమటలు కారే ఎండలో రవీందర్ ఆ బొంత లాంటి కోటు తొడుక్కొని నిలబడ్డాడు. "నాది పెట్టెలకెల్లి తీసేది లేదు" అని ప్రేమలత చీరతోనే నీడకు పోయింది. అత్తగారు యాకమ్మ పెద్ద పళ్లెం నిండా పసుపు కలిపిన బియ్యంతో వచ్చింది. మామూలు ప్రయాణాలకు నాలుగు అక్షింతలు చాలు. ఇది మామూలు ప్రయాణం కాదు.

"చిటికెడు చిటికెడు ఏంది, పిడికెడు పిడికెడు ఎయ్యిన్రి. అల్లుడు బాట లేని దేశం పోతున్నడు" అని యాకమ్మ అందరికీ చెప్పింది.

అందరూ వేశారు. రవీందర్ వంగి అత్తగారి కాళ్లు మొక్కాడు. వంగినప్పుడు కోటు వెనక తలటోపీ సంచిలా నోరు తెరుచుకుంది. జేబులు ముందే తెరిచి ఉన్నాయి. దీవెన పూర్తి కాగానే, ఇక చెమట తాళలేక కోటు విప్పి, ఉండచుట్టి పెట్టెలో కుక్కేశాడు.

ఓడ ఎక్కాక సముద్రం అతనితో కడుపులో ఉన్నదంతా కక్కించింది. భూపాలపల్లి డీలరు మహీధర్ పక్క గదిలోనే ఉండటంతో, ఇంగ్లిషు మాటలు చెప్పడానికీ నిమ్మకాయలు తేవడానికీ ఒక మనిషి దొరికాడు. ఎట్టకేలకు ఒక పొద్దున సముద్రం నిమ్మళించింది. ఎదురుగా మంచుకొండలు, ఒక దీవి, దీవి నిండా పెంగ్విన్లు. ప్రేమలత కిటికీ అద్దం దగ్గర నిలబడి కదల్లేదు.

దిగేముందు తనిఖీ అన్నారు. అందరూ కోట్లు, బూట్లు పట్టుకొని వరసలో నిలబడ్డారు. ఒక కుర్ర ఆఫీసరమ్మ దుమ్ము పీల్చే యంత్రం పట్టుకొని ఏదో చెప్పింది.

"అన్నా, బట్టల మీద ఒక్క గింజ ఉండొద్దట. అక్కడ లేని మొక్క మొలిస్తే దీవంత ఆగమైతదట" అని మహీధర్ చెప్పాడు.

"మంచి రూలే. విత్తనమంటే గంత జాగ్రత్త ఉండాలె" అని రవీందర్ మెచ్చుకున్నాడు.

ఆమె అతని కోటు అందుకొని తలటోపీని పళ్లెం మీద బోర్లించింది. యాకమ్మ దీవెనలు జలజలా రాలాయి. ఎడమ జేబు తిప్పితే ఇంకొన్ని, కుడి జేబు తిప్పితే ఇంకొన్ని. లోపలి జేబుకు చిల్లు పడి, కొన్ని అస్తరులోకి దిగాయి. కోటు దులిపినప్పుడల్లా అంచులో గింజలు గలగలమన్నాయి. వెనక వరసలో నిలబడ్డవాళ్లు మెడలు చాచి చూస్తున్నారు.

ఇది మా దగ్గర దీవెన అని మహీధర్ ఇంగ్లిషులో నచ్చచెప్పాడు. ఆఫీసరమ్మ నవ్వింది. పొట్టు తీసిన బియ్యమే కదా అని కొంచెం మెత్తబడింది కూడా. ఒక గింజ వేళ్ల మధ్య పట్టుకొని, మాటవరసకు రవీందర్‌నే అడిగింది.

"జర్మినేషన్?"

రవీందర్‌కు ఇంగ్లిషు అంతంతమాత్రమే. కానీ ఆ మాట అతను అమ్మే ప్రతి ప్యాకెట్ మీదా ఉంటుంది. షాపు తెరిచిన నాటి నుంచి ప్రతి రైతూ అడిగేది మొలుస్తదా అనొక్కటే, అతను చెప్పేదీ ఒక్కటే. ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది.

"గ్యారంటీ మేడం. హండ్రెడ్ పర్సెంట్."

మహీధర్ నెత్తి పట్టుకున్నాడు. "అన్నా, బియ్యం ఏడ మొలుస్తదే?"

"మొలవది. నాకు తెల్వదా?"

"మరి గట్లెందుకన్నవ్?"

"అడిగితె నోట్లకెల్లి అదే వచ్చింది."

దిద్దబోయి మహీధర్ ఇంకా చెడగొట్టాడు. ఈయన విత్తనాల వ్యాపారి, అలవాటులో అన్నాడు అని చెప్పాడు. విత్తనాల వ్యాపారి అనగానే ఆమె మొహంలో నవ్వు పోయింది. ఇంకో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. రవీందర్ చొక్కా జేబులో రెండు పత్తి గింజలు, ప్యాంటు మడతలో ఒక పెసరగింజ దొరికాయి. వాటిని తీసేసి, కోటును సంచిలో వేసి మూతి బిగించారు. మనిషి దిగొచ్చు, ఈ కోటు దిగడానికి వీల్లేదు అన్నారు. ఓడలో ఉన్న కోట్లన్నీ తొడిగి చూశారు. ఒక్కటీ రవీందర్ పొట్ట దగ్గర కలవలేదు. రేపటి నుంచి గాలివాన, మళ్లీ దిగేది లేదు, ఇవ్వాళ పడవ పోయేది ఒక్కసారే అని కూడా చెప్పారు.

ఇక మిగిలింది ప్రేమలత కోటు. కంపెనీ రెండూ ఒకే సైజు పంపింది. అందులో ఆమె మునిగిపోయినట్టుంది. జనగామలో పెట్టె దాటి రాని కోటు కాబట్టి తనిఖీలో నలుసు కూడా దొరకలేదు.

ప్రేమలత దాన్ని విప్పి ఇచ్చింది. "ఇగో, ఏసుకోన్రి. ఫ్లెక్సీ మీది గద."

రవీందర్ ఒక చెయ్యి దూర్చాడు. ప్రేమలత మళ్లీ అద్దం దగ్గరికి పోయింది.

"ఆ చిన్నదాన్ని చూడున్రి. ముక్కుల రాయి వట్టుకొని ఎట్ల నడుస్తున్నదో. జర దగ్గరికి పోయి చూసి రాన్రి, వచ్చినంక నాకు చెప్దురు."

ఆమె గొంతులో అలక లేదు. ఉంటే రవీందర్ చక్కగా కోటు తొడుక్కొని పోయేవాడే. అతను బ్యాంకాక్ పోయినన్నిసార్లూ షాపులో కూర్చున్నది ఆమే. వచ్చాక అతను చెప్పిన ముచ్చట్లు విని, "మంచిగున్నదట" అని ఇరుగుపొరుగుకు చెప్పుకున్నదీ ఆమే. అది గుర్తొచ్చి అతనికి సిగ్గేసింది. దూర్చిన చెయ్యి బయటికి తీశాడు.

"నువ్వే పో."

"మరి మీ మేకో?"

"మేకు యాడికి పోతది. పో, పడవ పోతది" అంటూ కోటు తొడిగి, జిప్పు మెడ దాకా తానే లాగాడు. "జారుతది, పైలం."

అద్దం వెనక నిలబడి చూశాడు. చిన్న రబ్బరు పడవ ఒడ్డు చేరింది. ఒక ఎర్రచుక్క కిందికి దిగి, మంచు మీద నిలబడింది. పెంగ్విన్లు ఆమెను పట్టించుకోకుండా చుట్టూ తమ పని చూసుకుంటున్నాయి. అతనికి కుళ్లు పుట్టిన మాట నిజం. సంతోషమైన మాటా నిజమే. పక్కనున్న ముసలి విదేశీయుడికి వేలు పెట్టి చూపించాడు. "గామె నా భార్య" అన్నాడు తెలుగులోనే. ఆయనకేం అర్థమైందో గానీ భుజం తట్టాడు.

ప్రేమలత తిరిగొచ్చి మొట్టమొదట అన్నమాట ఇది. "మొగపక్షి ఆడపక్షికి ఒక్కొక్క రాయి తెచ్చిస్తున్నది. మీరు గిన్నేండ్లల ఒక్కటన్న తెచ్చిండ్రా?"

"కోటు ఇయ్యలే?" అన్నాడు రవీందర్.

"కోటు నాదే" అంది ప్రేమలత.

దీవి మీద మహీధర్ తీసిన ఫొటో వాళ్లకంటే ముందే జనగామ చేరింది. తిరుగు ప్రయాణంలో చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ ఎదురైంది. నిండా ప్రేమలత. పక్కన తెల్ల ఎలుగుబంటి అట్లాగే ఉంది. అట్టడుగున, శుభాకాంక్షలు తెలిపేవారి వరసలో, వెంకట్రాం పక్కన తపాలాబిళ్లంత రవీందర్ ఉన్నాడు. యాకమ్మ పళ్లెం నిండా అక్షింతలతో కూతురికి ఎదురొచ్చింది. రవీందర్ కారు దిగలేదు.

మర్నాడు షాపులో మేకుకు ప్రేమలత పటం ఎక్కింది. మక్కజొన్న విత్తనాలకు వచ్చిన కొమురెల్లి దాన్ని తలెత్తి చూశాడు.

"అక్క మస్తుగున్నది" అని, సంచి చేతిలోకి తీసుకున్నాడు. "సేటూ, మొలుస్తదా?"

రవీందర్ నోరు తెరిచాడు. పటం వైపు చూసి మూశాడు.

"మొలువొచ్చు" అన్నాడు.

కొమురెల్లి సంచి కింద పెట్టి పక్క షాపుకు పోయాడు.